పట్టా చేతికొచ్చింది, పట్టు చెయ్యిజారింది

(మోర్తాడ్‌లో రైతులు, విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సభలో ఒక జర్నలిస్టు చేసిన ప్రసంగ పాఠం)



ఏం మాట్లాడాలె అని అడిగితే 'భూమి మీద మాట్లాడు' అన్నరు. మోర్తాడ్‌లో నిలబడి భూమి మీద మాట్లాడుడు అంటే తాతకు దగ్గులు నేర్పినట్టే. పసుపు పండించుడు, మక్క వేసుడు, ఎర్రజొన్న కోసుడు మీకు నేను చెప్పేదేమున్నది? అందుకని ఉపన్యాసం ఇయ్యను. మా ఇంటి ముచ్చట చెప్త. అందులో మీ ఇంటి ముచ్చట కూడా కనబడుతదని నా నమ్మకం.

పోయిన ఎండకాలం ఒక మనిషి మా బాపు దగ్గరికి వచ్చిండు. రోడ్డు దిక్కున్న రెండెకరాలు అమ్ముతరా అని అడిగిండు. ఆయన చెప్పిన ధర మా బాపు నలభై ఏండ్లు పసుపు పండించినా చూడని పైకం. బాపు ఔననలే, కాదనలే. రాత్రి నాకు ఫోన్ చేసి "ఏమంటవు బిడ్డా" అన్నడు. నాకు జవాబు రాలే. తెలంగాణ ఉద్యమంలో తిరిగినోన్ని, నీళ్లు, నిధులు, నియామకాలు అని గొంతు పోయేదాక ఒర్రినోన్ని, రెండెకరాల దగ్గర నోరు పెగల్లే. ఆ జవాబు వెతుకుతనే నాలుగు తరాలు వెనక్కి పోయిన.

మొదట పొద కొట్టింది ఎవరు?

మా ఇంట్లో ఒక మాట ఉన్నది. "ఈ చెల్కలో మొదట నాగలి పెట్టింది మనమే." చిన్నప్పటి సంది విన్న. గుట్ట కింద రాళ్లు, రేగు పొదలు ఉన్న జాగాను మా ముత్తాత చదును చేసిండట. అది నిజాం కాలం. రాళ్లు ఏరి గట్టు పోసిండు, బాయి తవ్వించిండు, మోట కట్టిండు. ఆయన దగ్గర కాగితం లేదు. ఊరి లెక్కలన్నీ పట్వారి దస్తరంలో ఉండేవి. పట్వారి రాసిందే రాత. శిస్తు కట్టాలె, లేవీ కింద ధాన్యం కొలవాలె, పెద్దోళ్లు పిలిస్తే వెట్టికి పోవాలె. అది బంగారు కాలమని నేను చెప్పను. గిర్దావర్ గుర్రం ఊళ్లకు వస్తే మా ముత్తాత చెల్కల నుంచి ఇంటికి రాకపోయేదట. అంత భయం.

కానీ ఒక్కటున్నది. ఏం వెయ్యాలె అన్నది ఆయన చేతిలో ఉండె. జొన్న, మక్క, కంది, పెసర, బాయి కింద నాలుగు మడుల పసుపు. విత్తనం ఇంట్లోని గుమ్మిలోనే ఉండె. పసుపుకు విత్తనం పోయినేటి కొమ్మే. ఎరువు కొట్టంలోని పెంటే. తిన్నంక మిగిలింది అమ్మేది. ధర పడిపోతే కష్టమే కాని కొంప మునగదు. ఎందుకంటే విత్తుకు అప్పు లేదు, నీళ్లకు అప్పు లేదు.

ఈ ముచ్చటను ఒకసారి నానమ్మ ముందట గొప్పగా చెప్పిన. ఆమె నవ్వి "పొద మీ ముత్తాత ఒక్కడే కొట్టిండా?" అన్నది. బాయి తవ్వింది వడ్డెరోళ్లు. రాయి పగలగొట్టింది వాళ్ల చేతులే. మోట బొక్కెనకు తోలు కుట్టింది మాదిగ ఇల్లు. నాగలి చెక్కింది వడ్ల ఇల్లు, కర్రు కొట్టింది కమ్మరి ఇల్లు. పొద కొట్టకముందు ఆ గుట్ట కింద గొల్లోళ్ల గొర్లు మేసినయి. ఇంట్లోని ఆడోళ్లు గంపలతోని రాళ్లు మోసిండ్రు. ఇంతమంది కలిసి చేసిన చెల్క ఒక్కని పేరు మీద పడ్డది. మొదట నాగలి పెట్టింది మనమే అన్న మాట అబద్ధం కాదు. సగం నిజం. బాయి తవ్వినోళ్లకు, తోలు కుట్టినోళ్లకు గుంట జాగ రాలే. ఈ మాట ఇక్కడ ఎందుకంటున్న అంటే, ముందు ముందు దీంతోనే పని పడుతది.

పెట్టెలో కాగితం

రెండో తరం మా తాత. 1948 సెప్టెంబర్‌లో నిజాం రాజ్యం పోయింది. 1949లో జాగీర్లు రద్దయినయి. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారు అన్న పేరు అప్పుడే వచ్చింది. 1954–55లో రాసిన ఖాస్రా పహాణీ ఇప్పటికీ మన భూముల జాతకం. కోర్టుకు పోయినా, తహసీల్దార్ దగ్గరికి పోయినా ముందు అడిగేది అదే. మా ముత్తాత చదును చేసిన చెల్క తాత పేరు మీద ఎక్కింది. తాత ఆ కాగితాన్ని బట్టలో చుట్టి ఇనుప పెట్టెలో పెట్టిండు. దసరాకు జమ్మి ఆకు పెట్టినప్పుడు పెట్టెకు కూడా బొట్టు పెట్టేటోడు. గిర్దావర్ వస్తే దాక్కున్నోని కొడుకు, గిర్దావర్‌కు కుర్చీ వేసి మాట్లాడిండు. కాగితం ఇచ్చిన ధైర్యం అది. దాన్ని తక్కువ చెయ్యొద్దు.

1963 జులై 26న నెహ్రూ పోచంపాడుకు వచ్చి శంకుస్థాపన చేసిండు. గోదావరి మన గడప ముందట్నుంచే పోతది కదా, ఇక మోట కొట్టే బాధ పోతది అని తాత అనుకున్నడు. డ్యాం కట్టుడు ఏండ్లకు ఏండ్లు నడిచింది. ముంపులో ఊర్లు పోయినయి. ఆ ఊర్లోళ్లు మొదట నాగలి పెట్టిన భూములు నీళ్ల అడుగున పడ్డయి. కాకతీయ కాలువ కరీంనగర్, వరంగల్ దిక్కు పోయింది. మా చెల్క కాలువకు పైదిక్కున్నది. కాలువ కింద తడి, కాలువ పైన ఎండ. 112 టీఎంసీలన్న జలాశయం పూడికతోని ఇప్పుడు 80 టీఎంసీలకు వచ్చింది. ఎగువన మహారాష్ట్ర బాబ్లీ కట్టింది. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జులై 1 నుంచి అక్టోబర్ 28 దాక గేట్లు ఎత్తి ఉంచాలె అన్నది. మన పంట ఎప్పుడు బతకాలె అన్నది ఢిల్లీలో తేదీలు వేసి చెప్పే కాలం వచ్చింది.

తాత చెల్లెను బోధన్ దిక్కు ఇచ్చిండ్రు. పండుగకు వచ్చినప్పుడల్లా ఆమె అక్కడి ముచ్చట చెప్పేది. 1923లో మొదలుపెట్టి 1931లో మంజీర మీద నిజాంసాగర్ కట్టినంక, కోస్తా నుంచి కుటుంబాలు వచ్చి బోధన్, వర్ని దిక్కు భూములు కొన్నరు. క్యాంపులు వెలిసినయి. అక్కడి భూమి అమ్మి ఇక్కడ అంతకు ఎన్నో వంతులు కొనుక్కున్నోళ్లు ఉన్నరు. వాళ్ల ఇండ్లల్లో కూడా మా ఇంట్లోని మాటే ఉన్నది: "మొదట నాగలి పెట్టింది మనమే." వాళ్ల ముత్తాతలు కూడా ఎడ్ల బండ్ల మీద వచ్చి, గుడిసెలు వేసుకుని, దోమలతోని, మలేరియాతోని కొట్లాడి మడులు చేసుకున్నరు. అది కూడా అబద్ధం కాదు. సగం నిజం. మిగతా సగం ఏందంటే, ఆ నీళ్లు హైదరాబాద్ రాజ్యం పైసలతోని, అలీ నవాజ్ జంగ్ ఇంజనీరింగ్‌తోని, ఇక్కడి కూలీల చెమటతోని ముందే వచ్చి ఉన్నయి. 'మేమొచ్చి మీకు వ్యవసాయం నేర్పినం' అన్నప్పుడు మనకు మండింది అందుకే. నాగలి పట్టినోని మీద మనకు కోపం లేదు. ఉద్యమంలో కూడా అదే చెప్పినం. బతుకపోయినోడు వేరు, దోచుకపోయినోడు వేరు. మా తాత చెల్లె పక్కింటోళ్లు క్యాంపోళ్లే. ఆమె పురుడుకు మంత్రసాని కంటె ముందు వచ్చింది ఆ ఇంటి అమ్మే. మూడు తరాలు అదే మట్టిలో పుట్టినోళ్లను ఎక్కడివాళ్లని అడుగుతం? కాని చరిత్ర రాసేటప్పుడు మాత్రం సగం నిజాన్ని మొత్తం నిజం అని రాయనియ్యొద్దు. మా ఇంటి సగం నిజానికైనా, వాళ్ల ఇంటి సగం నిజానికైనా అదే న్యాయం.

బోరు మింగిన దుబాయి

మూడో తరం మా బాపు. కాలువ రాలే కాబట్టి బోరు వేసిండు. పైసలు ఎక్కడివి? మా చిన్నబాపు దుబాయి పోయిండు. ఈ మండలంలో దుబాయి, మస్కట్, సౌదీ మొహం చూడని ఇల్లు ఎన్ని ఉంటయి? చెయ్యెత్తుమంటే నాలుగు చేతులు లేవవు. చిన్నబాపు లేబర్ క్యాంపులో ఒక రూంలో ఎనిమిది మందితోని ఉండి పంపిన పైసలతోని మొదటి బోరు పడ్డది. అది ఎండితే రెండోది. అది ఎండితే ఇంకా లోతుకు మూడోది. పద్దెనిమిది ఏండ్లకు చిన్నబాపు తిరిగి వచ్చి బాయిగడ్డ మీద కూసుని "నేను దుబాయిలో సంపాదించినదంతా ఈ మూడు బొక్కల్లోనే ఉన్నదిరా" అన్నడు. నవ్విండు కాని మేము నవ్వలే. పట్టాలో ఆయన పేరు లేదు. భూమికి నీళ్లు పెట్టింది ఆయన.

పసుపు అప్పుడే పెరిగింది. నాలుగు మడులు పోయి నాలుగెకరాలయింది. పసుపు అంటే మీకు చెప్పేదేం లేదు కాని, పట్నం నుంచి వచ్చిన తమ్ముళ్ల కోసం చెప్త. జూన్‌లో పెడితే తవ్వేసరికి తొమ్మిది నెలలు. ఎకరానికి ఎనిమిది, పది క్వింటాళ్ల విత్తనం. మధ్యలో మక్క వేస్తం, అది చేతి ఖర్చుకు. కలుపు ఎన్నిసార్లు తియ్యాలెనో లెక్కలేదు. తవ్వినంక ఏరుడు, కొమ్ము, మండ వేరు చేసుడు, ఉడకబెట్టుడు, కల్లంలో పదిహేను, ఇరవై రోజులు ఎండబెట్టుడు, డ్రమ్ములో మెరుగు పెట్టుడు. అప్పుడు నిజామాబాద్ మార్కెట్. ఇన్ని నెలల కష్టం యార్డులో ఒక కుప్ప. ఖరీదుదారు పిడికెడు తీసి, ఒక కొమ్ము విరిచి, లోపలి రంగు చూసి, ధర చెప్తడు. ఆ విరిచిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల ఉన్నది. తొమ్మిది నెలలు ఒక్క నిమిషంలో తేలిపోతది.

2010లో క్వింటాలు పదిహేను వేలు దాటింది. ఊర్లల్లో కొత్త ట్రాక్టర్లు దిగినయి. బాపు ఇల్లు మొదలుపెట్టిండు. రెండేండ్లు తిరిగేసరికి నాలుగు వేల దిక్కు పడ్డది. ఇంటికి స్లాబు పడ్డది గని గోడలకు సున్నం పడలే. సాంగ్లీకి లారీలు కట్టుకుని పోయిన రైతులు ఉన్నరు. అక్కడ రెండు రూపాయలు ఎక్కువ వస్తే కిరాయిలో పోయింది.

ఎర్రజొన్న సంగతి అంతే. ఉత్తరాది రాష్ట్రాల పశువుల మేతకు మన దగ్గర విత్తనం పండుతది. పంట పెట్టేది మనం, కొనేది వ్యాపారి, ధర చెప్పేది వ్యాపారి, పైసలు ఎప్పుడియ్యాలెనో చెప్పేది కూడా వ్యాపారే. 2008లో బకాయిల కోసం ఆర్మూర్‌లో రైతులు రోడ్డెక్కితే అది పోలీసు కాల్పుల దాక పోయింది. ఆ బకాయిలు తెలంగాణ వచ్చినంక, 2014లో సర్కారు ఇస్తే గాని చేతికి రాలే. వ్యాపారి ఎగ్గొట్టిన అప్పు ప్రజల ఖజానా కట్టింది. రైతు బతికిండు, మంచిదే. కాని ఎగ్గొట్టే తొవ్వ మూసుకపోలే.

ఇక్కడ మా ఇంటి లెక్క ఒకసారి చూసుకుందాం. ముత్తాతకు కాగితం లేదు, కాని విత్తు ఆయనది, ఎరువు ఆయనది. తాతకు కాగితం వచ్చింది, నీళ్ల మీద మాట లేదు. బాపుకు కాగితం ఇంకా గట్టిపడ్డది. పాస్‌బుక్కు వచ్చింది, బ్యాంకు లోను వచ్చింది. కాని మందు కంపెనీది, బోరు అప్పుది, ధర యార్డుది. తరం తరానికి పట్టా గట్టిపడ్డది, పట్టు సడలింది.

మా తరం

నాలుగో తరం నేను. డిగ్రీ చదివిన, పత్రికలకు వచ్చిన. 2009 డిసెంబర్ 9 రాత్రి ప్రకటన వచ్చినప్పుడు ఎట్ల ఎగిరినమో, దాన్ని వెనక్కి తీసుకున్నప్పుడు ఎట్ల కుమిలినమో మీకు ఎరుకే. 2011 సెప్టెంబర్ 13 నుంచి 42 రోజులు సకల జనుల సమ్మె. ఉద్యోగులు జీతాలు వదులుకున్నరు. రోడ్ల మీద వంటావార్పులకు బియ్యం ఎవరు తెచ్చిండ్రు? రైతులు. పొయ్యి మీద పప్పుకు పసుపు వేసింది ఈ మోర్తాడ్ చేతులే. రైతు, ఉద్యోగి, విద్యార్థి ఒక్క బంతిలో కూసుని తిన్నరు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది.

రాష్ట్రం వచ్చినంక ఏమీ కాలేదని అనేటోళ్లతోని నేను కలవను. కరెంటు మారింది. అర్ధరాత్రి మోటరు వెయ్యబోయి పాము కరిచి చచ్చిపోయే బాధ తగ్గింది. 2018 మే నెలలో రైతుబంధు మొదలైంది, పెట్టుబడికి ఎకరాన నాలుగు వేలు చేతికొచ్చినయి. 2023లో వరద కాలువను వెనక్కి మళ్లించి కాళేశ్వరం నీళ్లు శ్రీరాంసాగర్‌కు ఎత్తిండ్రు. అదే ఏడు అక్టోబర్ 21న మేడిగడ్డ కుంగింది. సంబురం, ఏడుపు ఒక్క ఏడులోనే చూసినం.

కాని రైతుబంధు ఎవరి పేరు మీద వచ్చింది? పట్టాదారు పేరు మీద. మా చెల్క పక్కన ఆరెకరాలు ఉద్యోగం చేసుకుని పట్నంలో ఉండే ఒకాయనవి. దున్నేది కౌలుకు తీసుకున్న ఇల్లు. పైసలు ఆయన ఖాతాలో పడుతయి, అప్పు ఈయన నెత్తిన పడుతది. ఇక్కడ ఉద్యోగులు ఉన్నరు, కోపానికి రావొద్దు. పొద్దుగాల లేచి తెలంగాణ రైతు కోసం కొట్లాడిన మనమే ఆ పైసలు కండ్లకద్దుకుని తీసుకున్నం. అడిగినోళ్లం ఎంతమందిమి? కౌలుదారుకు గుర్తింపు కార్డు ఇచ్చి లోను ఇయ్యాలె అని 2011లోనే చట్టం వచ్చింది. చట్టం ఉన్నది, కార్డులే కనబడవు.

2020 అక్టోబర్‌లో ధరణి వచ్చింది. తాత పెట్టెలోని కాగితం కంప్యూటర్లకు పోయింది. మా ముత్తాత కాలంలో పట్వారి రాసిందే రాత అనుకున్నం. ఇప్పుడు పోర్టల్ చూపిందే రాత అయింది. తెల్ల కాగితం మీద కొన్న భూములు, సాదాబైనామాలు, లక్షల దరఖాస్తులై ఆగిపోయినయి. అందులో మా ఇంటి ఎకరం కూడా ఉన్నది. ముప్పై ఏండ్ల సంది దున్నుతున్నం, లెక్కల్లో మాది కాదు. 2025లో భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారుడు కాదు, ఊళ్లోకి వచ్చి చెల్క గట్టు మీద నిలబడి ఎవరు దున్నుతున్నరో రాసుకునేటోడు కావాలె.

పసుపు సంగతి చూస్తే 2019ని మరిచిపోలేం. నిజామాబాద్ పార్లమెంటుకు 185 మంది పోటీ చేసిండ్రు. అందులో 178 మంది రైతులు. ఒక్కొక్కరు ఇరవై ఐదు వేల డిపాజిట్ కట్టిండ్రు. ఊరు ఊరంతా చందాలు వేసుకున్నరు. పోలింగ్ బూతులో పన్నెండు ఈవీఎంలు వరుసగా పెట్టాల్సి వచ్చింది. దేశం మొత్తం మన దిక్కు చూసింది. వాళ్లు అడిగింది రెండే. పసుపుకు బోర్డు, ఎర్రజొన్నకు, పసుపుకు గిట్టుబాటు ధర. గెలువాలెనని వాళ్లు నిలబడలే, వినబడాలెనని నిలబడ్డరు.

బోర్డు వచ్చింది. 2023 అక్టోబర్‌లో ప్రకటించిండ్రు. 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు మొదలైంది. జూన్ 29న నిజామాబాద్‌లో ఆఫీసు తెరిచిండ్రు. ఆ 178 మంది కాళ్లరిగిన ఫలం అది. ఎవరి ఖాతాలో వేసుకున్నా సరే, మొదటి పేరు వాళ్లదే. కాని బోర్డు బోర్డే, ధర ధరే. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో పసుపు లేదు. 2024లో పద్దెనిమిది వేలు దాటింది కదా అంటరు. దాటింది. ఎప్పుడు దాటింది? ధర లేక ఏండ్ల తరబడి నలిగి, సగం మంది పసుపు పెట్టుడు బంద్ చేసినంక దాటింది. బోర్డు గదిలో ఖరీదుదారు పిడికెడు కొమ్ములు విరిచేటప్పుడు మన మనిషి పక్కన ఉండాలె. నాణ్యత చూసే మిషను, నిల్వకు గోదాము, గోదాము రసీదు మీద అప్పు కావాలె. ధర పడ్డ నాడు అమ్మకుండ ఆగగలిగే బలం రైతుకు వస్తే, అప్పుడు బోర్డుకు అర్థం.

అమ్మ అడిగిన మాట

మళ్ల మా ఇంటి రెండెకరాల దగ్గరికి వస్త. ఊరికి పోయిన. బాపు, చిన్నబాపు, నేను, తమ్ముడు బాయిగడ్డ మీద కూసుని గంట సేపు మాట్లాడుకున్నం. అమ్ముదాం అన్నడు తమ్ముడు. అప్పు తీరుతది, పిల్లల చదువులకు ఉంటది అన్నడు. అది కూడా అబద్ధం కాదు. అప్పు మీద అప్పు తెచ్చి పసుపు పెట్టి ముత్తాత పేరు నిలబెట్టుమని వానికి నేను ఎట్ల చెప్త? పట్నంలో జీతం తీసుకుంటూ ఊళ్లో భూమి అమ్మొద్దనుడు సులువే.

అమ్మ చాయ తెచ్చింది. అప్పటిదాక ఎవరూ ఆమెను అడగలే. "అమ్మితే పైసలు ఎవరి పేరు మీద పడుతయి?" అన్నది. బాపు పేరు మీద అన్నం. "నలభై ఏండ్లు పసుపు ఏరిన, ఉడకబెట్టిన. ఎండలో కాళ్లతోని తిప్పిన. నా గోర్లు ఇప్పటికీ పచ్చగున్నయి. నా పేరు ఏ కాగితంలో ఉన్నది?" అన్నది. ఆడబిడ్డకు ఆస్తిలో సమాన వాటా అని మన దగ్గర 1985 నుంచి చట్టం ఉన్నది. మా మేనత్తలు పుట్టింటి భూమిలో గుంట అడగలే. అడిగితే రాకపోకలు బంద్ అయితయని భయం. మొదట పొద కొట్టినప్పుడు రాళ్లు మోసిన ఆడోళ్ల పేరు లేదు. నాలుగు తరాలు గడిచినా లేదు.

ఆ మాటతోని మాకు ఒక తొవ్వ దొరికింది. అమ్ముడు ఆపినం. ఎప్పటికీ అమ్మమని ప్రమాణం చెయ్యలే, అట్లాంటి ప్రమాణాలు రైతు ఇంట్లో నిలబడవు. ఒక ఎకరం అమ్మ పేరు మీద ఎక్కించుదామని తహసీల్దార్ ఆఫీసుకు పోయినం. ఇంకొక ఎకరం, చిన్నప్పటి సంది మా చెల్కలో పని చేసిన ఇంటికి కౌలుకిచ్చినం. నోటి మాట కాదు, కాగితం రాసి, సంతకం పెట్టి ఇచ్చినం. వాళ్ల తాత మా ముత్తాత మోటకు తోలు కుట్టిండు. ఆ కాగితం పట్టుకుని ఆ ఇంటాయన "ఇది బ్యాంకోళ్లు తీసుకుంటరా?" అని అడిగిండు. నాకు మళ్ల జవాబు రాలే. ఈసారి ఆ జవాబు నా ఒక్కని దగ్గర లేదు, మనందరి దగ్గర ఉన్నది.

తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, మీరు చదువుకున్నోళ్లు. మీ ఊళ్లో ఖాస్రా పహాణీ తియ్యండి, పక్కన ఇప్పటి లెక్క పెట్టండి. ఎవరి పేరు ఉన్నది, ఎవరు దున్నుతున్నరు, రెండూ రాయండి. ఉద్యోగ మిత్రులు, మీ పేరు మీద భూమి ఉండి వేరేటోళ్లు దున్నుతుంటే కౌలు కాగితం రాసివ్వండి. మీ పట్టా ఎక్కడికీ పోదు. రైతులు, 178 మంది అడిగిన రెండో మాట ఇంకా బాకీ ఉన్నది. దాన్ని మరిచిపోనియ్యకండి.

రాష్ట్రం కావాలె అన్నప్పుడు మనం అడిగింది మ్యాపు కాదు. మన నీళ్ల మీద, మన పంట మీద, మన ధర మీద మన మాట చెల్లాలె అన్నం. పట్టా వచ్చింది. పట్టు ఇంకా తెచ్చుకోవాలె. మా ముత్తాత పొద కొట్టిన నాడు పక్కన పదిమంది ఉన్నరు. మనం మొదలుపెట్టే పనిలో కూడా ఆ పదిమంది ఉండాలె. ఈసారి వాళ్ల పేర్లు కూడా రాసుకుందాం.

జై తెలంగాణ.